ఊరి మాట, శాసనం మాట: ఆంధ్రప్రదేశ్ మద్య విధానంలో సామాన్యుల అభిప్రాయం (1937–1997)

1. ఉపోద్ఘాతం

ఆంధ్రప్రదేశ్‌లో 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1995 జనవరి 16న ఆ నిషేధం కల్లు మినహా మిగిలిన మద్యాలన్నింటికీ విస్తరించింది. 1997 ఏప్రిల్ నాటికి ఈ రెండవ నిషేధం సడలిపోయింది. మొదటిది మాత్రం నేటికీ శాసనంలో నిలిచి ఉంది. ఈ మూడు ఘట్టాలను సాధారణంగా ఒకే కథగా చెప్పుకుంటారు. నెల్లూరు జిల్లా స్త్రీలు పోరాడారు, సంపూర్ణ మద్యనిషేధం సాధించారు, ఖజానా ఒత్తిడికి లొంగి ప్రభుత్వం దానిని ఎత్తివేసింది అన్నది ఆ కథ సారాంశం. ఇందులో అసత్యమేమీ లేదు. కాని స్త్రీలు అడిగినదీ, శాసనం ఇచ్చినదీ ఒకటేనా అన్న ప్రశ్నకు ఈ కథలో చోటు లేదు.

ఈ వ్యాసం ఆ ప్రశ్నను 1937 నుంచి 1997 వరకు గల ఆరు దశాబ్దాల నేపథ్యంలో పరిశీలిస్తుంది. మద్యం గురించి గ్రామీణ సామాన్యులు చెప్పిన మాట ఎప్పుడూ ఒక నిర్దిష్టమైన వస్తువును, ఒక దుకాణాన్ని, ఒక పూట కూలిని ఉద్దేశించినది. శాసనం ఆ మాటను అందుకున్న ప్రతిసారీ దానిని మద్యం అనే సాధారణ విషయంపై తీర్పుగా మార్చింది. ఈ మార్పిడిలో ఏది నిలిచింది, ఏది జారిపోయింది అన్నది గమనిస్తే, నిషేధం విఫలమైందన్న వాదనను మరొకమారు తూచి చూడవలసి వస్తుంది.

సామాన్యుల అభిప్రాయానికి ఆధారాలు వెదకడంలో ఒక చిక్కు ఉంది. అది చాలావరకు ఇతరుల కలం ద్వారానే నమోదైంది. అబ్కారీ నివేదికలు, శాసనసభ చర్చలు, పత్రికల జిల్లా పుటలు, వయోజన విద్యా వాచకాలు, ఉద్యమకాలంలో వచ్చిన అధ్యయనాలు ఇందుకు ముఖ్యమైన ఆకరాలు. ఇవన్నీ ఎవరో ఒకరి ప్రయోజనాన్ని అనుసరించి రాసినవే. అందువల్ల ప్రజలు పలికినట్లు నమోదైన మాటలకంటె, వారు చేసిన పనులను ప్రధాన సాక్ష్యంగా తీసుకోవడం మేలు. ఏ దుకాణం మూయించారు, ఏ వేలంపాటను అడ్డుకున్నారు, దేనిని తగులబెట్టారు, దేనిని ముట్టుకోలేదు అన్న వివరాలు అభిప్రాయాన్ని మాటలకంటె స్పష్టంగా చూపుతాయి.

2. అబ్కారీ వారసత్వం

1886 నాటి మద్రాసు అబ్కారీ చట్టంతో మద్యం తయారీ, అమ్మకం పూర్తిగా ప్రభుత్వ అదుపులోకి వచ్చాయి. దుకాణాల హక్కును వేలంపాటలో అమ్మడం, గీతకు ఇచ్చిన చెట్టుపై పన్ను విధించడం ఈ ఏర్పాటుకు రెండు మూలస్తంభాలు. అప్పటివరకు ఈత, తాటి చెట్లమీద ఊరికి ఉన్న వాడుక హక్కులు లైసెన్సుల లెక్కలోకి మారాయి. కల్లు, సారా ఊరి వస్తువులైనప్పటికీ వాటిని అమ్మే హక్కు సర్కారుదై, సర్కారు నుంచి పాటదారుదైంది. గ్రామీణుల దృష్టిలో ప్రభుత్వం మద్యాన్ని అదుపు చేసే సంస్థగా కంటె మద్యం ద్వారా రాబడి పొందే సంస్థగా కనిపించడానికి ఈ ఏర్పాటే కారణం.

1921–22 నాటి సహాయ నిరాకరణోద్యమంలో ఆంధ్ర జిల్లాలలోనూ కల్లు, సారా దుకాణాల వద్ద పికెటింగులు జరిగాయి. మద్యపానం పాపమన్న నైతిక బోధ, పరాయి ప్రభుత్వానికి ఆదాయం అందకూడదన్న రాజకీయ లక్ష్యం ఈ పికెటింగులలో కలిసిపోయాయి. ఈ రెండింటి కలయికే తరువాత కాంగ్రెసు మద్య విధానానికి పునాది అయింది.

1937లో చక్రవర్తి రాజగోపాలాచారి మంత్రివర్గం ఏర్పడిన తరువాత అక్టోబరు 1న సేలం జిల్లాలో నిషేధం మొదలైంది. 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు, ఆ తరువాత ఉత్తర ఆర్కాడుకు విస్తరించింది. అప్పటికి మద్రాసు ప్రభుత్వ రాబడిలో దాదాపు నాలుగో వంతు అబ్కారీ ద్వారానే వచ్చేది. ఆ లోటు పూడ్చుకోవడానికి 1939లో సాధారణ అమ్మకపు పన్ను చట్టం వచ్చింది. మద్యం తాగేవాడి నుంచి వచ్చే ఆదాయాన్ని వదులుకున్న ప్రభుత్వం, బజారులో సరుకు కొనే ప్రతివాడి నుంచి పన్ను వసూలుకు పూనుకున్నదన్నమాట. నిషేధానికి ఒక ధర ఉంటుందని, ఆ ధర ఎవరు చెల్లించాలన్నది రాజకీయ నిర్ణయమని ఈ తొలి ప్రయోగమే చూపింది. 1990లలోనూ ఇదే ప్రశ్న మరింత తీవ్రంగా ముందుకు వచ్చింది.

యుద్ధకాలంలో సలహాదారుల ప్రభుత్వం 1943లో నిషేధాన్ని నిలిపివేసింది. యుద్ధానంతరం తిరిగి దశలవారీగా ప్రవేశపెట్టిన నిషేధం 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతటికీ వర్తించింది. రాజ్యాంగంలోని 47వ అధికరణం మద్యనిషేధాన్ని ప్రభుత్వాల ఆదేశిక కర్తవ్యాలలో చేర్చింది. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రం ఈ చట్టాన్ని వారసత్వంగా పొందింది.

3. 1954: గీత కార్మికుల అభిప్రాయం

నిషేధ చట్టంవల్ల మొదట దెబ్బతిన్నది కల్లుగీతపై ఆధారపడిన కుటుంబాలు. ఈడిగ, శెట్టిబలిజ, శ్రీశయన, యాత తదితర కులాలకు చెట్టు ఎక్కడం వృత్తి. ఆ వృత్తి ఒక్కసారిగా నేరమైంది. గౌతు లచ్చన్న నాయకత్వంలో గీత కార్మికులు సాగించిన ఆందోళన నిషేధాన్ని నైతిక ప్రశ్నగా కాక జీవనోపాధి ప్రశ్నగా నిలబెట్టింది. తాగడం మంచిదా చెడ్డదా అన్న చర్చ వారికి రెండవది. చెట్టు తమకు అన్నం పెట్టేదన్నది మొదటి మాట.

నిషేధం అమలు తీరును పరిశీలించడానికి ఆంధ్ర ప్రభుత్వం విశ్రాంత ఐ.సి.ఎస్. అధికారి ఎస్.వి. రామమూర్తి ఆధ్వర్యంలో ఒక విచారణ సంఘాన్ని నియమించింది. నిషేధాన్ని ఎత్తివేయాలని ఆ సంఘం సూచించింది. ఆ సూచనను టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం అమలు చేయకపోవడం శాసనసభలో వివాదమైంది. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒకే ఒక్క ఓటు ఆధిక్యంతో నెగ్గి ప్రభుత్వం పడిపోయింది. ఆ తరువాత రాష్ట్రపతి పాలన, 1955లో మధ్యంతర ఎన్నికలు వచ్చాయి.

ఈ ఘటనలో గమనించవలసిన విశేషం ఒకటుంది. నిషేధ సమస్యపై ప్రభుత్వం కూలిపోయినా నిషేధం మాత్రం కూలిపోలేదు. గీత కార్మికుల మాట శాసనసభలో అవిశ్వాస తీర్మానానికి బలాన్ని చేకూర్చింది. కాని ఆ తీర్మానాన్ని నెగ్గించిన పక్షాలకు వేరువేరు లక్ష్యాలు ఉన్నాయి. ఎన్నికలలో గెలిచిన కాంగ్రెసు నిషేధ సిద్ధాంతాన్ని వదులుకోలేదు. సామాన్యుల అభిప్రాయం ప్రభుత్వాన్ని మార్చగలదు, విధానాన్ని మార్చాలంటే అది చాలదు అన్న విషయం ఆంధ్ర చరిత్రలో మొదటిసారిగా ఇక్కడ కనిపిస్తుంది.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినప్పుడు ఒకే రాష్ట్రంలో రెండు మద్య విధానాలు ఏర్పడ్డాయి. ఆంధ్ర ప్రాంతపు పదకొండు జిల్లాలలో నిషేధం ఉండగా, హైదరాబాదు రాష్ట్రం నుంచి వచ్చిన తెలంగాణ జిల్లాలలో అబ్కారీ యథాతథంగా సాగింది. 1968లో రాష్ట్రానికంతటికీ ఒకే ఎక్సైజ్ చట్టం వచ్చింది. 1969లో ఆంధ్ర ప్రాంతంలో నిషేధం ముగిసింది. ఆ తరువాతి రెండు దశాబ్దాలలో మద్యం రాష్ట్ర ఆర్థిక వ్యవస్థలో విడదీయరాని భాగమైపోయింది.

4. సారా పాకెట్టు: ఒక వస్తువు చరిత్ర

సారా వ్యతిరేక ఉద్యమ నేపథ్యాన్ని అర్థం చేసుకోవడానికి సిద్ధాంతాలకంటె సారా పాకెట్టును పరిశీలించడం ఎక్కువగా ఉపకరిస్తుంది. 1983లో అధికారానికి వచ్చిన తెలుగుదేశం ప్రభుత్వం వారుణి వాహిని పేరుతో సారాను ప్లాస్టిక్ పాకెట్లలో సరఫరా చేసే పద్ధతిని ప్రవేశపెట్టింది. కల్తీని అరికట్టడం, ప్రమాణాన్ని పాటించడం ప్రభుత్వం చెప్పిన లక్ష్యాలు. ఫలితం మాత్రం పంపిణీ వ్యవస్థలో కనిపించింది. అంతకుముందు సారా దుకాణం ఊరి వెలుపల ఒకచోట ఉండేది. తాగదలచినవాడు అక్కడికి వెళ్ళవలసి వచ్చేది. పాకెట్టు వచ్చిన తరువాత సారాయే తాగేవాడి వద్దకు వచ్చింది. కిరాణా కొట్టుకు, కూలిపని జరిగే చేనుగట్టుకు, దళితవాడకు, ఇంటి గుమ్మానికి అది సులభంగా చేరింది. సైకిలు మీద సంచీలో తీసుకువెళ్ళగల సరుకు కావడంతో అమ్మకానికి గోడలతో పని లేకుండా పోయింది.

వేలంపాట లెక్క దీనికి తోడైంది. పాటదారు ప్రభుత్వానికి కిస్తు చెల్లించాలి, నిర్ణీత పరిమాణంలో సరుకు ఎత్తాలి. ఆ మొత్తం తిరిగి రాబట్టుకున్న తరువాతనే అతనికి లాభం మొదలవుతుంది. అందువల్ల అమ్మకాన్ని పెంచడం అతనికి తప్పనిసరి. అరువుకు పాకెట్లు ఇచ్చి, కూలి చేతికందే రోజున వసూలు చేసుకోవడం, కొన్నిచోట్ల కూలిలో భాగంగానే పాకెట్టు అందజేయడం ఉద్యమకాలపు అధ్యయనాలలో నమోదైన వాస్తవాలు. ఎక్సైజ్ ఆదాయం 1970–71లో 39 కోట్ల రూపాయలు ఉండగా 1991–92 నాటికి 812 కోట్లకు చేరిందన్నది ఆ అధ్యయనాలు తరచుగా ఉదహరించిన లెక్క. రూపాయి విలువలో వచ్చిన తగ్గుదలను మినహాయించినా ఈ పెరుగుదల అసాధారణమైనది.

అదే 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం కూడా మొదలైంది. ఒకే ప్రభుత్వం, ఒకే ఏడాది, ఒకే ఇంటికి చౌక బియ్యాన్ని, చేతికందే సారాను చేర్చింది. వంటింటి లెక్క చూసే స్త్రీకి ఈ రెండింటి సంబంధం తెలియడానికి బడ్జెటు పత్రాలు అవసరం లేదు. బియ్యం మీద మిగిలిన డబ్బు పాకెట్టు మీద పోతుంటే సంసారం ఉన్నచోటనే ఉంటుంది. తరువాత ఉద్యమంలో బలంగా వినిపించిన అభిప్రాయానికి మూలం ఈ రోజువారీ లెక్కలో ఉంది. తాగుడు పురుషుడి దుర్గుణమన్న నిందకంటె, ప్రభుత్వమే ఇంటి కూలిని దారి మళ్ళిస్తున్నదన్న గుర్తింపు ఇందులో ప్రధానమైనది.

5. అక్షరదీపం, దూబగుంట, వేలంపాట

1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం మొదలైంది. జిల్లా యంత్రాంగంతో పాటు జన విజ్ఞాన వేదిక వంటి స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు ఇందులో పాల్గొన్నారు. రాత్రి బడులకు పురుషులకంటె స్త్రీలే ఎక్కువగా వచ్చారు. వాచకాలలో పాఠాలు నిత్యజీవిత సమస్యల చుట్టూ అల్లినవి. వాటిలో తాగుబోతు భర్తవల్ల చితికిపోయిన కుటుంబాన్ని చిత్రించిన ‘సీతమ్మ కథ’ విస్తృతమైన చర్చకు దారితీసింది. దూబగుంట స్త్రీలు కలిసికట్టుగా తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. ఆ విజయమే తరువాత ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అన్న పాఠంగా వాచకంలోకి ఎక్కి ఇతర గ్రామాలకు చేరింది. ఈ గ్రామానికి చెందిన వర్ధినేని రోశమ్మ ఉద్యమానికి ప్రతీకగా రాష్ట్రమంతటా పేరు పొందారు.

అక్షరాస్యత స్త్రీలకు సారా చెడ్డదని నేర్పిందనుకోవడం పొరపాటు. ఆ సంగతి వారికి పుస్తకం చెప్పవలసిన పని లేదు. రాత్రి బడి వారికి ఇచ్చినది ఒక చోటు, ఒక సమయం. పగలంతా వేరువేరు చేలలో పనిచేసే స్త్రీలు రాత్రిపూట పురుషుల అనుమతి అడగనక్కరలేకుండా ఒకచోట కూర్చోగలిగారు. ఒక్కొక్క ఇంటి రహస్యంగా ఉన్న బాధ అక్కడ పదిమంది సమస్యగా మారింది. పొరుగూరి గెలుపు పాఠంగా చదివినప్పుడు అది తమకూ సాధ్యమన్న నమ్మకం కలిగింది.

1992 వేసవి తరువాత ఉద్యమం వేగం పుంజుకుంది. స్త్రీలు పాకెట్లను కుప్పపోసి తగులబెట్టారు. సారా తెచ్చే బండ్లను ఊరి పొలిమేరలోనే ఆపారు. తాగినవారికి, అమ్మినవారికి జరిమానాలు విధించారు. కొన్ని చోట్ల తల గొరిగించి ఊరేగించారు. ఈ చర్యలలో చట్టబద్ధమైనవీ ఉన్నాయి, కానివీ ఉన్నాయి. అన్నింటిలోనూ ఉమ్మడి లక్షణం ఒకటే: ప్రతి చర్యకూ ఒక ఊరే హద్దు. ఊరి హద్దులోకి సారా రాకూడదన్నది నియమం. పట్టణాలలోని బ్రాందీ షాపులను గాని, కల్లును గాని ఈ తొలిదశలో స్త్రీలు ప్రధాన లక్ష్యంగా చేసుకోలేదు.

ఊరి నుంచి ఉద్యమం జిల్లా కేంద్రానికి చేరడానికి కారణం వేలంపాట. దుకాణం మూయించినా, కొత్త పాట జరిగితే కొత్త పాటదారు వస్తాడు. కాబట్టి పాటనే ఆపాలి. నెల్లూరులో సారా వేలంపాటలను అడ్డుకోవడానికి గ్రామాల నుంచి వందలాది స్త్రీలు తరలివచ్చారు. పాటలు పదేపదే వాయిదా పడ్డాయి. ఇక్కడ వారి రాజకీయ అవగాహనలోని సూక్ష్మత గమనార్హం. పాటదారును ఎదిరించడం వద్ద ఆగకుండా, పాటదారును సృష్టించే ప్రక్రియనే వారు గుర్తించి ఎదిరించారు. 1886 నుంచి కొనసాగుతున్న అబ్కారీ యంత్రానికి వేలంపాట గుండెకాయ అని వారి చర్య చాటింది.

6. ఊరి డిమాండు రాష్ట్ర నినాదంగా మారిన తీరు

1992 చివరి నెలల నుంచి ఉద్యమం జిల్లా సరిహద్దులు దాటింది. ఇందులో పత్రికల పాత్ర పెద్దది. 1989 నుంచే జిల్లా సంచికలు వెలువరిస్తున్న ‘ఈనాడు’ పత్రిక ‘సారాపై సమరం’ శీర్షికతో ఉద్యమ వార్తలను ప్రముఖంగా ప్రచురించింది. ఒక మండలంలో జరిగిన ఘటన మరునాటికి మరో జిల్లాకు తెలిసింది. మహిళా సంఘాలు, వామపక్షాలు, గాంధేయవాదులు, ప్రతిపక్షాలు తమ తమ దృష్టితో ఉద్యమానికి తోడు నిలిచాయి. అంతవరకు చెదురుమదురుగా ఉన్న స్థానిక చర్యలకు ఈ మద్దతు రక్షణ కల్పించింది.

అదే సమయంలో డిమాండు రూపం మారింది. ‘మా ఊళ్ళో సారా వద్దు’ అన్న మాట ‘సారా నిషేధించాలి’గా, తరువాత ‘సంపూర్ణ మద్యనిషేధం కావాలి’గా విస్తరించింది. ఈ విస్తరణకు తర్కం లేకపోలేదు. సారా ఒక్కటే నిషేధిస్తే తాగుడు బ్రాందీవైపు మళ్ళుతుందని, పేదవాడి మద్యాన్ని మాత్రమే నేరంగా చూడడం వివక్ష అని సంపూర్ణ నిషేధవాదులు వాదించారు. ఈ వాదన సరైనదేనని తరువాతి చరిత్ర కొంతవరకు రుజువు చేసింది. కాని నినాదం విస్తరించిన కొద్దీ దానిని అమలు చేయవలసిన చేతులు మారాయి. ఊరి డిమాండును స్త్రీలే స్వయంగా అమలు చేయగలిగారు. రాష్ట్ర నినాదాన్ని పోలీసు, ఎక్సైజ్ శాఖలు మాత్రమే అమలు చేయగలవు.

కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. సంపూర్ణ నిషేధాన్ని వాగ్దానం చేసిన తెలుగుదేశం పార్టీ 1994 డిసెంబరు ఎన్నికలలో 294 స్థానాలకు గాను 216 గెలుచుకుంది. కాంగ్రెసు 26కు పరిమితమైంది. ఈ ఫలితానికి అనేక కారణాలున్నా స్త్రీల ఓటు వాటిలో ముఖ్యమైనదన్న అభిప్రాయం విశ్లేషకులలో బలంగా ఉంది. డిసెంబరు 12న పదవీ ప్రమాణం చేసిన వేదికమీదనే ఎన్.టి. రామారావు నిషేధపు ఫైలుపై సంతకం చేశారు. వారుణి వాహినిని ప్రవేశపెట్టిన నాయకుడే పన్నెండేళ్ళలోపు సంపూర్ణ నిషేధాన్ని ప్రకటించడం సామాన్యుల అభిప్రాయానికి ఉన్న శక్తికి పెద్ద నిదర్శనం.

7. నిషేధం నుంచి సడలింపు: 1995–1997

1995 నాటి ఆంధ్రప్రదేశ్ మద్యనిషేధ చట్టం కల్లును తన పరిధికి వెలుపల ఉంచింది. 1954లో గీత కార్మికులు లేవనెత్తిన అభ్యంతరానికి నలభై ఏళ్ళ తరువాత శాసనం ఇచ్చిన సమాధానంగా దీనిని చదవవచ్చు. మద్యం తయారీపై విధించిన నిషేధాన్ని కంపెనీలు న్యాయస్థానంలో సవాలు చేశాయి. శాసనసభకు ఆ అధికారం ఉందని 1996లో సుప్రీంకోర్టు మెక్‌డోవెల్ కేసులో తీర్పునిచ్చింది. న్యాయపరంగా నిషేధానికి తిరుగులేని బలం చేకూరింది. దాని బలహీనతలు వేరేచోట ఉన్నాయి.

మొదటిది భౌగోళికం. మద్యం దొరికే రాష్ట్రాలతో సుదీర్ఘమైన సరిహద్దు ఉంది. గోదావరి డెల్టా మధ్యలోనే పుదుచ్చేరికి చెందిన యానాం ఉంది. అక్రమ రవాణా, నాటుసారా, గుడుంబా పెరిగాయి. సారా వ్యాపారంలో ఆరితేరిన జాలాలకు సరుకు మార్చుకోవడం కష్టం కాలేదు. రెండవది ఆర్థికం. 1995 సెప్టెంబరు 1న ముఖ్యమంత్రి అయిన నారా చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ఖజానా లోటును ప్రధాన సమస్యగా ముందుకు తెచ్చింది. 1996లో రాయితీ బియ్యం ధర కిలో రెండు రూపాయల నుంచి మూడున్నర రూపాయలకు పెరిగింది. విద్యుత్తు ఛార్జీలూ పెరిగాయి. 1939లో అమ్మకపు పన్ను ద్వారా వెలువడిన సూత్రమే మరో రూపంలో తిరిగి వచ్చింది. నిషేధం వల్ల మిగిలిన కూలిలో కొంత భాగం పెరిగిన బియ్యం ధరకు పోయింది. నిషేధానికి మూల్యం చెల్లించినవారిలో నిషేధాన్ని కోరిన కుటుంబాలే ముందువరుసలో ఉన్నాయి.

మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది, అమలు బాధ్యతకు సంబంధించినది. 1992లో దుకాణాన్ని మూయించిన స్త్రీ బృందానికి 1995 చట్టంలో ఏ స్థానమూ లేదు. సమాచారం ఇవ్వడం, వేచి చూడడం తప్ప వారు చేయగలిగినది స్వల్పం. నేరాన్ని నిర్ధారించేది పోలీసు, శిక్షించేది కోర్టు. ఊరి పొలిమేర వద్ద బండిని ఆపిన చేతులకు ఇక పని లేకుండా పోయింది. అభిప్రాయం చర్యగా ఉన్నంతకాలం దానికి బలం ఉంది. శాసనంగా మారిన తరువాత అది ఒక శాఖ దస్త్రంగా మిగిలిపోయింది.

1997లో ప్రభుత్వం చట్టాన్ని సవరించి విదేశీ మద్యం అమ్మకాలను అనుమతించింది. మహిళా సంఘాలు నిరసన తెలిపినా, 1992 నాటి వెల్లువ తిరిగి రాలేదు. దీనినిబట్టి స్త్రీల అభిప్రాయం మారిపోయిందని, వారు నిషేధాన్ని వదులుకున్నారని నిర్ధారించడం తొందరపాటు. ఊళ్ళో వేలంపాటలు లేవు, పాకెట్టు లేదు, అడ్డుకోవడానికి స్పష్టమైన లక్ష్యం లేదు. రాత్రి బడులూ అప్పటికి చాలావరకు సన్నగిల్లాయి. అభిప్రాయాన్ని చర్యగా మలచిన చోటు, సందర్భం రెండూ లేని స్థితిలో నిశ్శబ్దాన్ని సమ్మతిగా చదవడానికి వీలులేదు.

8. ఉద్యమాన్ని చదివిన తీరులు

ఉద్యమం సాగుతున్న కాలంలోనే విద్వత్ చర్చ మొదలైంది. డి. నరసింహారెడ్డి, అరుణ్ పట్నాయక్‌లు, కంచ ఐలయ్య, హైదరాబాదులోని అన్వేషి పరిశోధకులు 1992–93లలో ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో రాసిన వ్యాసాలు ఈ చర్చకు పునాది వేశాయి. గ్రామీణ ఆర్థిక వ్యవస్థ, రాజ్యం–కాంట్రాక్టరు సంబంధం, కులం, స్త్రీ పురుష సంబంధాలలో మార్పు అనే కోణాలు వీటిలో వేరువేరు పాళ్ళలో కనిపిస్తాయి. ఆ తరువాత సూసీ తారు, తేజస్విని నిరంజన 1994లో ఒక కీలకమైన పరిశీలన చేశారు. ఉద్యమ స్త్రీని ఒక్కొక్క వర్గం తన కథనంలోకి ఇముడ్చుకుని, తనకు కావలసిన కథానాయికగా చిత్రించిందన్నది దాని సారాంశం.

ఈ పరిశీలన మద్య విధాన చరిత్రకూ వర్తిస్తుంది. గాంధేయవాది ఆమెలో నైతిక పునరుజ్జీవనాన్ని చూశాడు. రాజకీయ పార్టీ ఓటరును చూసింది. అక్షరాస్యతా కార్యకర్త విద్యాఫలితాన్ని చూశాడు. 1997 తరువాత పరిపాలకుడు నెరవేరని ఆదర్శాన్ని చూశాడు. వీటిలో ఏదీ పూర్తిగా తప్పు కాదు. అయితే వేలంపాట హాలు ముందు కూర్చున్న స్త్రీ స్వయంగా గీసుకున్న హద్దు ఏదో ఈ చిత్రాలలో మసకబారింది. ఆమె రాష్ట్రంలో తాగుడు లేకుండా చేస్తానని చెప్పలేదు. ప్రభుత్వం తన గుమ్మంలోకి సారా పంపడం ఆపాలని చెప్పింది.

9. ముగింపు

సారా నిషేధాన్ని, సంపూర్ణ మద్యనిషేధాన్ని విడివిడిగా చూస్తే 1993–97 చరిత్రకు భిన్నమైన రూపం వస్తుంది. గ్రామీణ స్త్రీలు నేరుగా కోరిన సారా నిషేధం మూడు దశాబ్దాలుగా చెక్కుచెదరలేదు. తిరిగి సారా పాటలు నిర్వహించడానికి ఏ పార్టీ ప్రభుత్వమూ సాహసించలేదు. వారి పేరుమీద శాసనం చేసిన సంపూర్ణ నిషేధం ఇరవై ఆరు నెలలకు మించి నిలవలేదు. కాబట్టి సామాన్యుల అభిప్రాయం ఆచరణకు పనికిరాదని ఈ చరిత్రను ఉదాహరణగా చూపడం సరికాదు. పనికిరానిదిగా తేలినది ఆ అభిప్రాయాన్ని రాజకీయం విస్తరించిన రూపం.

అయితే ఈ నిర్ధారణలో సంతృప్తికి తావు తక్కువ. సారా అన్న పేరు పోయినా, దాని స్థానంలోకి చౌక రకం బ్రాందీ, విస్కీలు వచ్చాయి. లైసెన్సు దుకాణం నుంచి పల్లెలకు సరుకు చేరవేసే బెల్టు షాపు వెనుకటి పాకెట్టు చేసిన పనినే చేసింది. గుమ్మం వద్ద మద్యం ఉండకూడదన్నది స్త్రీలు కోరిన సారం. సారా అనే వస్తువు ఉండకూడదన్నది శాసనం గ్రహించిన అక్షరం. అక్షరం నిలిచింది, సారం జారిపోయింది. విభజనానంతర ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు నుంచి ప్రభుత్వమే దుకాణాలు నడపడం, 2024 అక్టోబరులో అవి తిరిగి ప్రైవేటు లైసెన్సుదారులకు దక్కడం వంటి మార్పులు ఎవరు అమ్మాలన్న ప్రశ్న చుట్టూనే తిరిగాయి. ఎక్కడ అమ్మకూడదో నిర్ణయించే హక్కు ఊరికి ఉండాలా అన్న 1992 నాటి ప్రశ్న వాటిలో వెనుకబడింది.

రామమూర్తి సంఘం కాలం నుంచి నేటివరకు మద్య విధానంపై జరిగిన చర్చలన్నీ నిషేధమా, ఆదాయమా అన్న రెండు కొసల మధ్యనే ఊగుతున్నాయి. గీత కార్మికుడు చెట్టు గురించి, కూలి స్త్రీ గుమ్మం గురించి మాట్లాడినప్పుడు ఈ రెండు కొసలకూ చెందని మూడవ మాట ఒకటి పలికారు. అది స్థానికమైనది, లెక్కతో కూడినది, అమలు చేసే బాధ్యతను తనపైనే వేసుకున్నది. జిల్లా ఎక్సైజ్ దస్త్రాలు, శాసనసభ కార్యకలాపాలు, అక్షరాస్యతా కేంద్రాల వాచకాలు, పత్రికల జిల్లా సంచికలను పక్కపక్కన ఉంచి చదివితే ఆ మూడవ మాటను ఊరూరా గుర్తించవచ్చు. నెల్లూరు స్త్రీల మౌఖిక చరిత్రను ఆ తరం ఉండగానే సేకరించడం అందుకు మొదటి అవసరం.